కోరస్‌లో మా వాడ

గద్దర్ పాటలు ఎవరి దగ్గరైనా ఉంటాయి. ఫోన్లో పేరు కొడితే వరసబెట్టి వస్తాయి. నేను ఏరుకుంటా ఉండేవి అవి కాదు. అచ్చు క్యాసెట్టుగా అంగట్లోకి రానివి, పాటల పుస్తకంలోకి ఎక్కనివి, సినిమా వాళ్ళకి పనికిరానివి. ఒకే పాటను ఒక ఊళ్ళో ఒకరకంగా, ఇంకో ఊళ్ళో ఇంకోరకంగా పాడినవి. చరణం నడమ ఆగి అరగంట మాట్లాడినవి. మైకు కూతపెట్టినవి. కరెంటు పోతే ఉత్తగొంతుతో పాడినవి. పాడే మనిషి గొంతు పట్టేస్తే కోరస్ వాళ్ళు అందుకుని పాటను ఒడ్డుకు చేర్చినవి. కొన్ని గద్దర్ స్వయంగా పాడిన మీటింగులు. కొన్ని ఆయన పాటల్ని మా పక్క దళాలు తమకు కావలసినట్టు మార్చి పాడుకున్నవి.

సంగంలో మా అరుంధతీవాడలోనూ, దువ్వూరు, బుచ్చి, ఆత్మకూరు దార్లో ఉన్న వాడల్లోనూ ఇల్లిల్లూ తిరిగి ఏడేళ్ళుగా వీటిని పోగేస్తా ఉన్నాను. ఇప్పటికి 71 క్యాసెట్లు. బడి వదిలినాక, ఆదివారాలు ఇదే పని. "ఏం టీచరమ్మా, పాతసామాన్ల బండోడికి పోటీ వచ్చినావా?" అని మా వాడోళ్ళే నవ్వుతారు. నవ్వుతానే అటకెక్కి వెతికి తెచ్చిస్తారు.

ఈ పని లోకంలో నేనొక్కదాన్నే చేస్తున్నది కాదు. అమెరికాలో బాబ్ డిలాన్ అనే గాయకుడు 1967లో తనతో వాయించేవాళ్ళను కూడేసుకుని ఒక ఇంటి కింది గదిలో బోలెడు పాటలు రికార్డు చేసి విడుదల చెయ్యకుండా వదిలేసినాడు. వాటిలో కొన్ని చేతులు మారి 1969లో దొంగ రికార్డుగా బయటికొచ్చినాయి. తెల్ల అట్ట, మీద పేరు కూడా లేదు. జనం ఎగబడి కొన్నారు. చివరికి కంపెనీ వాళ్ళే 1991 నుంచి ఆయన వదిలేసిన టేకుల్ని సంపుటాలుగా అమ్మడం మొదలుపెట్టినారు. 2015లో వచ్చిన ఒక సంపుటంలో ఒక డిస్కు నిండా ఒక్క పాట టేకులే. తప్పిపోయినవి, సగంలో ఆగినవి, అన్నీ. హాస్టల్లో నాతో చదువుకున్న స్నేహితురాలు ఆ జాబితా చూపించింది. ఏ పాట ఏ తేదీన పాడినారు, ఏ స్టూడియోలో, ఎన్నో టేకు, ఎవరు ఏం వాయించినారు, అంతా రాసిపెట్టి ఉంది. నాకు పాట వినకముందే కడుపు మండింది. వాళ్ళ తప్పుపోయిన పాటకు కూడా పుట్టినతేదీ ఉంది. మా అమ్మకు లేదు.

మా మామ క్యాసెట్ల మీద బాల్‌పెన్నుతో ఉండేది మూడు ముక్కలు. ఒకదాని మీద 'గద్దర్-2'. ఒకదాని మీద 'మీటింగు'. ఇంకోదాని మీద 'చెరపొద్దు'. అంతే.

మా మేనమామ సంగం ఆనకట్ట కాలవ మీద లస్కరుగా పనిచేసినాడు. పర్మినెంటు కాదు, రోజుకూలి. 1882 నుంచి 1886 దాకా తెల్లోళ్ళు కట్టించిన ఆనకట్ట అది. పెన్న నీళ్ళను పొలాలకు తిప్పింది. ఆ పొలాలు మావి కావు. తలుపులెత్తి నీళ్ళు వదిలే మనిషి మా వాడోడు, నీళ్ళు పారే చేను ఊరోళ్ళది. ఆ మామ దగ్గర ఒక టూ-ఇన్-వన్ ఉండేది. మా పిన్ని కువైట్‌లో ఇళ్ళల్లో పాచిపని చేసి పంపించింది. పెళ్ళికీ చావుకీ మీటింగుకీ దాన్ని తువ్వాల్లో చుట్టుకుని చంకన పెట్టుకుని పొయ్యేవాడంట. గ్రామఫోను మా వాడకు ఎప్పుడూ రాలేదు. రేడియోలో మా మాట ఎప్పుడూ రాలేదు. 1980ల్లో క్యాసెట్టు చవకైనాకే మా గొంతు మాకు తిరిగి వినపడే వసతి వచ్చింది. ప్లే, రికార్డు రెండు మీటలూ కలిపి నొక్కితే చాలు. ఎవరినీ అడిగే పని లేదు.

మరి మామ పేర్లెందుకు రాయలేదు? బద్ధకం కాదు. గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు అనీ, 1949లో తూప్రాన్‌లో దళిత ఇంట్లో పుట్టినాడనీ, కెనరా బ్యాంకు ఉద్యోగం వదిలి జననాట్యమండలి పాటగా తిరిగినాడనీ చదివేవాళ్ళకు తెలుసు. కారంచేడు జరిగిన 1985లోనే ఆయన అజ్ఞాతంలోకి పోయినాడు. 1990 ఫిబ్రవరిలో హైదరాబాదు నిజాం కాలేజీ మైదానంలో మళ్ళా జనం ముందుకొచ్చినాడు. ఆ రెండేళ్ళూ పాట వీధిలో తిరిగింది. 1992లో పీపుల్స్ వార్‌నూ దాని సంఘాలనూ ప్రభుత్వం నిషేధించింది. దాంతో పాట మళ్ళా అటకెక్కింది. క్యాసెట్టు మీద ఊరి పేరు, తేదీ, పాడినవాళ్ళ పేర్లు రాస్తే అది జాబితా కాదు, పోలీసులకు సాక్ష్యం. అందుకని మామ ఏమీ రాయలేదు. పైగా గద్దర్ క్యాసెట్లను ఏసుపాటల అట్టపెట్టెల్లో పెట్టినాడు. మాది బాప్టిస్టు వాడ, ఎవరింట్లోనైనా అవి ఉండేవే. ఒకసారి ఇల్లు సోదా చేయడానికి వచ్చిన కానిస్టేబులు ఆ పెట్టె చూసి, "ప్రార్థన బాగా చేస్తారే" అని పొయినాడంట. మా అమ్మ ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతుంది. చెప్పినాక కాసేపు ఏమీ మాట్లాడదు.

అట్టా దాచినందువల్ల ఇంకో తంటా వచ్చింది. కొన్నాళ్ళకు ఇంట్లోవాళ్ళే ఏది ఏదో మర్చిపొయినారు. నిజంగానే ప్రార్థనల కోసం వాటిమీద రికార్డు చేసుకున్నారు. నా దగ్గరున్న ఒక క్యాసెట్టులో ఒక వైపంతా పాస్టరుగారి వాక్యం. వాక్యం ముగిసిన చోట చప్పున పలక దరువు మొదలవుతుంది. డప్పును మా వైపు పలక అంటారు. నాలుగు నిమిషాలు వాయించి టేపు అయిపోతుంది. ఆ నాలుగు నిమిషాలు ఎవరివో కనుక్కోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. అది మా నాయన వాయించిన దరువు.

క్యాసెట్టు వీపున రెండు చిన్న పలుకులు ఉంటాయి. వాటిని విరిచేస్తే ఇంక దాని మీద రికార్డు పడదు. మళ్ళా కావాలంటే ఆ గుంటలో కాగితం కూరాలి. మామ క్యాసెట్లన్నీ ముందర పరుచుకుని ఒక రోజంతా ఆ పలుకులే చూసినాను. హైదరాబాదు నుంచి వచ్చిన మంచి క్యాసెట్లకు, శుభ్రంగా స్టూడియోలో పాడినవాటికి, పలుకులు అట్టానే ఉన్నాయి. అంటే పోతే పోనీ అనుకున్నాడు, అవి మళ్ళా దొరుకుతాయి. విరిచినవి తొమ్మిది. ఆ తొమ్మిదీ బుసబుసమనేవి, గొంతులు కలగాపులగంగా ఉండేవి, పాట మధ్యలో కుక్కలు మొరిగేవి. తొమ్మిదింట్లోనూ కోరస్‌లో మా వాడోళ్ళే. పేర్లు రాయలేని మనిషి తనకు ఏది విలువో అట్టా గుర్తుపెట్టిపొయినాడు. నేను ఏరాల్సింది ఏదో నాకు చెప్పింది ఆ విరిగిన పలుకులే.

పాటకు ఒకటే అసలు రూపం ఉంటుందని బడిలో నేర్పుతాం. కవి పేరు, కాలం, గ్రంథం పేరు. పరీక్షలో జతపరచుము. మా పాటకు ఆ లెక్క కుదరదు. 'బండెనక బండి' సంగతి చూడండి. అది గద్దర్ పాటని లోకమంతా అనుకుంటుంది. నిజాము మీద, దొరల మీద తెలంగాణ సాయుధ పోరాటంలో బండి యాదగిరి కట్టిన పాట అది. గౌతమ్ ఘోష్ తీసిన, బి. నర్సింగరావు నిర్మించిన 'మా భూమి' సినిమాలో 1979లో గద్దర్ తెరమీదకొచ్చి పాడినాడు. ఆ తర్వాత ప్రతి ఉద్యమమూ ఎదుటివాణ్ణి మార్చి ఆ వరసను వాడుకుంది. ఇందులో ఏది అసలు, ఏది నకలు? పాట పుట్టిన చోటు ఒకటి. అది బతికినవి వంద చోట్లు.

చెల్లెమ్మ పాట ఇంకో రకం. దాసరి నారాయణరావు తీసిన 'ఒరేయ్ రిక్షా'లో 1995లో వందేమాతరం శ్రీనివాస్ గొంతులో అది ఇల్లిల్లూ తిరిగింది. మా వాడలో పెళ్ళికూతుర్ని సాగనంపేటప్పుడు సౌండుబాక్సులో పెడతారు, అందరూ ఏడుస్తారు. నంది అవార్డు ఇస్తే గద్దర్ వద్దన్నాడు. సినిమాపాటలో మొదలూ చివరా ఖాయం, ఎన్నిసార్లు విన్నా ఒక్కటే. నా దగ్గరున్న మీటింగు టేపుల్లో అట్టా కాదు. పల్లవి అయినాక పాట ఆగిపోతుంది. "అమ్మా, మీ ఇంట్లో ఆడపిల్ల ఎన్నో తరగతి చదువుతా ఉంది?" అని అడుగుతారు. ఎవరో జవాబు చెబుతారు. ఆ జవాబును పట్టుకుని మళ్ళా పాటలోకి పోతారు. ఎదురుగా కూర్చున్నవాళ్ళు మారితే జవాబు మారుతుంది, జవాబు మారితే చరణం మారుతుంది. స్టూడియోలో ఎదురుగా ఎవరూ ఉండరు, గోడ ఉంటుంది. అందుకే అక్కడ పాట మారదు.

మారిన పాటల్లో నన్ను నిద్రపోనియ్యనిది కారంచేడు మీద గద్దర్ కట్టిన పాట. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినారు. ఆ పాట మా దాకా వచ్చింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికి గోతాల్లో కుక్కి కాలవలో పడేసినారు. మా మామ విరిచిన తొమ్మిదిలో ఒక దాంట్లో మా దళం ఆ కారంచేడు పాటే అందుకుని, చివర కొత్త చరణం కట్టి చుండూరు వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తుంది. ఒక పేరు పిలవడం, పలక మీద ఒక దెబ్బ. ఎనిమిది పేర్లు, ఎనిమిది దెబ్బలు. ఏ పుస్తకంలోనూ ఆ చరణం లేదు. కట్టిందెవరో మామ రాయలేదు. 2007లో ప్రత్యేక కోర్టు చుండూరు కేసులో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. కోర్టులో నిలబడనిది ఆ టేపులో నిలబడి ఉంది. ప్లే నొక్కితే చాలు, ఎనిమిది మందినీ పిలుస్తుంది.

ఇంకో క్యాసెట్టు పూర్తిగా ఆడవాళ్ళది. 1990, 91ల్లో మా నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడిలో సీతమ్మ కథ పాఠం చదువుకున్న ఆడవాళ్ళు 1992లో దూబగుంటలో సారాను తరిమినారు. అక్కణ్ణించి జిల్లా అంతా, రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బంద్ చేసినారు. ఆ రోజుల్లో మా అమ్మావాళ్ళు గద్దర్ వరసలకే సారా మాటలు కట్టి పాడినారు. వరస మగవాళ్ళ మీటింగుల్లో విన్నది. మాటలు తమ మొగుళ్ళ మీద కట్టినవి. టేపులో ఒకామె పాడతా పాడతా సొంత మొగుడి పేరు చెప్పేస్తుంది. తక్కినవాళ్ళు నవ్వాపుకోలేరు, పాట ఆగిపోతుంది. మళ్ళా మొదలుపెడతారు. మళ్ళా అక్కడికొచ్చేసరికి నవ్వు. మూడోసారికి ఆమె పేరు మింగేసి 'వాడు' అంటుంది. అమెరికా పెట్టెలో ఉన్న తప్పుపోయిన టేకుల కంటే ఇది ఏం తక్కువ? ఒక్కటే తేడా. వీళ్ళు మళ్ళా పాడింది రికార్డు కోసం కాదు, తెల్లారితే సారా అంగడి ముందు కూర్చోబోతున్నారు కాబట్టి.

తేదీలు లేని టేపులకు తేదీ కట్టడం కూడా ఒక చదువే. బీయీడీలో ఎవరూ నేర్పలేదు. మాటల్లో చుండూరు వస్తే 1991 ఆగస్టు తర్వాతది. సారా బంద్ అయిందని సంబరపడితే 1993 తర్వాతది. గద్దర్ తన ఒంట్లో ఉన్న తూటా సంగతి చెబితే 1997 ఏప్రిల్ 6 తర్వాతది. ఆ రోజు ఇంటికొచ్చి కాల్చినారు, ఒక తూటా చివరిదాకా ఆయన వెన్నులోనే ఉండిపోయింది. కొన్ని టేపుల్లో గొంతులన్నీ చీమల మాదిరి సన్నగా, గబగబా వస్తాయి. మనుషులు అట్టా పాడలేదు. బ్యాటరీలు అయిపోవస్తే రికార్డు చేసేటప్పుడు మోటారు నిదానిస్తుంది. దాన్ని మామూలు వేగంతో వాయిస్తే గొంతు పరుగెత్తుతుంది. కంప్యూటర్లో కొంచెం కొంచెంగా వేగం తగ్గించుకుంటా రావాలి. ఎక్కడ ఆపాలో మిషను చెప్పదు. మా అమ్మను పక్కన కూర్చోబెట్టుకుంటాను. తగ్గిస్తా పోతే ఒక చోట చెయ్యి పైకెత్తి, "ఆఁ, ఇదీ మా అన్న గొంతు" అంటుంది. అక్కడ ఆపుతాను. చదువురాని ఆమె చెవే నాకు కొలత.

2023 ఆగస్టు 6న గద్దర్ పోయినాడు. చుండూరు జరిగిన తేదీనే. ఆ వారమంతా అందరి ఫోన్లలో అవే నాలుగైదు పాటలు తిరిగినాయి. అప్పుడే హైదరాబాదులో వీడియోలు చేసే ఒక తమ్ముడు నా దగ్గర టేపులున్నాయని విని ఫోన్ చేసినాడు. మనవాడే, మంచివాడే. "అక్కా, బయటికి రాని గద్దర్ గొంతు మీ దగ్గరుందంట. పంపించండి, క్లీన్ చేసి పెడతాం. జనం వింటారు" అన్నాడు. నమూనాకు ఒకటి పంపినాను. ఏటి ఒడ్డున జరిగిన మీటింగు అది. వారంలో శుభ్రంచేసి తిరిగి పంపినాడు.

విన్నాను. బుస లేదు. ఒక్క గొంతు అద్దం మాదిరి వినపడతా ఉంది. కానీ ఏదో చచ్చిపోయినట్టుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని విన్నాను. ఈ శుభ్రం చేసే పద్ధతి ఏంటంటే, పాట లేని చోట వినపడే చప్పుడును కొంచెం నమూనాగా తీసుకుని, టేపంతటా ఆ రకం చప్పుడును తీసేయిస్తారు. పాట లేని చోట ఆ టేపులో వినపడేది టేపు బుస ఒక్కటే కాదు. వెనక ఆనకట్ట మీద నుంచి దూకే పెన్న నీళ్ళు. మిషనుకు రెండూ ఒకటే. నీళ్ళను తీసేసింది. నీళ్ళతో పాటు, అదే మోతలో కలిసిపోయి ఉన్న ఆడవాళ్ళ కోరస్‌నూ సగం తినేసింది. పలక చర్మం మీద చిరుపుల్ల చేసే చిటచిట పోయింది. మొత్తగా దెబ్బ మాత్రం మిగిలింది. పాడే మనిషి మిగిలినాడు, ఆయన ఎక్కడ నిలబడి ఎవరితో పాడినాడో అది పోయింది.

తమ్ముడికి ఫోన్ చేసి చెప్పినాను. "అక్కా, జనానికి గద్దర్ కావాలి, నీళ్ళ చప్పుడు ఎవరికి కావాలి?" అన్నాడు. నాకు కావాలి. 2022 సెప్టెంబరు 6న సంగం బ్యారేజీ ప్రారంభమైంది. బ్యారేజీ మంచిదే, నీళ్ళు నిలబడినాయి. పాత ఆనకట్ట మోత మాత్రం ఇంక అట్టా వినపడదు. మా మామ పగలంతా పనిచేసింది ఆ మోతలోనే. ఆ మోతకు మించి వినపడాలని మా ఆడవాళ్ళు అంత గట్టిగా ఎత్తుకుని పాడినారు. మోత తీసేస్తే వాళ్ళు ఎందుకు అరుస్తున్నారో ఎవరికీ అర్థం కాదు. అరుపే మిగులుతుంది. మా వాళ్ళను ఎప్పుడూ అట్టానే కదా విన్నారు, ఊరికే అరుస్తారు అని.

గద్దర్‌ను తక్కువ చెయ్యడానికి ఇది రాయడం లేదు. ఆయన వేదిక మీద ఎప్పుడూ ఒంటరిగా పాడలేదు. పక్కన పలక, వెనక కోరస్, ఎదుట జనం. పాటను సగం తాను పాడి సగం జనానికి వదిలేవాడు. ఒంటరి గాయకుణ్ణి చేసింది తర్వాత వచ్చినవాళ్ళు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకు ఆయన పేరు పెట్టింది, 2025 జూన్ 14న హైదరాబాదులో మొదటిసారి ఇచ్చినారు. నంది వద్దన్న మనిషి పేరే అవార్డయింది. గౌరవమే కావచ్చు. కానీ అవార్డు ఒక్క పేరుకే ఇస్తారు. కోరస్‌కు అవార్డు లేదు.

కోరస్‌లో ఎవరున్నారో వింటే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. మామ టేపుల్లో పాట అందుకునేవాళ్ళు ఎక్కువమంది మాలపల్లె వాళ్ళు, పలక వాయించేవాళ్ళు మా వాడోళ్ళు. పాడినవాళ్ళ పేర్లు నలుగురైనా చెప్పగలరు. వాయించినవాళ్ళను "ఎవరో పలకలోళ్ళు" అంటారు. ఇది రెడ్డిగారి వీధిలో అన్న మాట కాదు, మనలో మనం అన్నది. 1994లో దండోరా లేచినాక రెండు వాడలూ కలిసి పాడటం మా దగ్గర తగ్గిపోయింది. వాటా అడగడం న్యాయం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు కూడా వర్గీకరణ చెయ్యొచ్చని చెప్పింది. అయినా ఆ పాత టేపులు వింటుంటే రెండు వాడల గొంతులూ ఒకే శ్వాస తీసుకోవడం వినపడుతుంది. వాటా పంచుకున్నాక కూడా కలిసి పాడొచ్చని చెప్పడానికి నా దగ్గర వాదన లేదు, ఆ టేపులున్నాయి. అందుకే జాబితా రాసేటప్పుడు పాడినవాళ్ళ పేరు పక్కనే, అదే వరసలో, అంతే లావు అక్షరాల్లో, పలక వాయించినవాళ్ళ పేరూ రాస్తున్నాను.

పేర్లు కనుక్కోవడం తేలిక కాదు. హెడ్‌ఫోను, ఫోను తీసుకుని ముసలివాళ్ళ దగ్గరికి పోతాను. చెవికి తగిలించి వినిపిస్తాను. చాలామంది ముందు తమ గొంతును గుర్తుపట్టరు, పక్కవాళ్ళ గొంతును గుర్తుపడతారు. "ఇది ఫలానాది, గొంతు కీచుగా ఉంటది, మొదట్నించీ అంతే" అంటారు. అట్టా ఒకరిని ఒకరు పట్టిచ్చుకుంటే 31 పేర్లు దొరికినాయి. అందులో ఇప్పుడు బతికున్నవాళ్ళు పన్నెండుమంది.

ఆ పన్నెండుమందిలో ఒక పెద్దమ్మ ఉంది. చుండూరు చరణంలో పేర్లు పిలిచే గొంతు ఆమెది. ఆ చరణం కట్టింది కూడా ఆమెనే. చుండూరు వాళ్ళ పేర్లు పేపర్లో వస్తే కొడుకు చేత చదివించుకుని, నోటికి పట్టుకుని, రెండు రాత్రులు కూర్చుని కట్టిందంట. నాకు ఒళ్ళు జలదరించింది. నోటుపుస్తకం తీసి పేరు రాయబోయినాను. నా చెయ్యి పట్టుకుంది.

"పేరు రాయబాకమ్మణ్ణీ" అంది.

"ఎందుకు పెద్దమ్మా? ఇన్నేళ్ళ తర్వాత ఎవరేం చేస్తారు? ఆ రోజులు పొయినాయి."

"నీకు పొయినాయి. నా మనమడు ఉద్యోగానికి పరీక్ష రాస్తా ఉండాడు. యాడన్నా నా పేరు ఉండాదనుకో, వాడికి అడ్డం వస్తే? ఎవురు జవాబు చెప్తారు?"

అడ్డం రాదని నేను ఎట్టా చెప్పగలను? మామ క్యాసెట్ల మీద పేర్లు రాయకపోవడానికీ, ఆమె రాయొద్దనడానికీ నడుమ ముప్పై ఏళ్ళు గడిచినాయి. భయం మాత్రం అదే. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ప్రభుత్వ ఉద్యోగం అంటే ఇంటిల్లిపాదికీ ఏంటో నాకు తెలుసు. ఆ కుర్రాడి హాల్‌టికెట్టు ఆమె రెక్కల కష్టం. నేను పేర్ల కోసం తిరుగుతున్నాను, ఆమె పేరు లేకుండా ఉండటంలో ఉన్న రక్షణను మనమడికి ఆస్తిగా ఇస్తా ఉంది. ఎవరు కరెక్టు అని అడిగితే నాకు తెగదు.

"మరి గొంతు, పెద్దమ్మా? అదైనా ఉంచమంటావా?"

ఆలోచించింది. "గొంతు ఉంచు. తెలిసినోళ్ళకి తెలస్తది. తెలీనోళ్ళకి ఆ ఎనిమిది మంది పేర్లు తెలిస్తే చాల్లే, నా పేరు తోటి పనేంది?" అంది.

జాబితాలో అక్కడ ఇట్టా రాసినాను: 'కారంచేడు పాట, చుండూరు చరణంతో. సంగం. కట్టి, పేర్లు పిలిచింది మా వాడ ఆడమనిషి. పేరు ఆమె చెప్పినప్పుడు రాయాలి.' చెప్పకపోతే అట్టానే ఉంటుంది. అడగకుండా పేరు చెరిపేయడం వేరు, ఆమె తన పేరు తన దగ్గర ఉంచుకోవడం వేరు. రెండూ కాగితం మీద ఒకేరకంగా కనపడకూడదు.

ఇది చదివే విద్యార్థులకు, సంఘాల్లో పనిచేసే అన్నలకు, అక్కలకు ఒక మాట. మీ ఇళ్ళల్లోనూ ఉంటాయి ఇవి. టేపు బూజు పడుతుంది, అతుక్కుపోతుంది, రీలు తెగుతుంది. ఇంకా ఎక్కువ కాలం ఆగవు. ఏసుపాటల పెట్టె అయినా, అయ్యప్ప పాటల పెట్టె అయినా, తెరిచి ఒకసారి వినండి. రెండు వైపులా చివరిదాకా వినండి, అసలుది చివర్లో ఉండొచ్చు. ముందు వెనకటి పలుకులు విరిచేయండి. కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు బుసతో సహా ఎక్కించి, అది ఒక కాపీ అట్టానే ఉంచండి. శుభ్రం చేస్తే ఇంకో కాపీ మీద చెయ్యండి. నాలుగు చోట్ల నలుగురి దగ్గర పెట్టండి. పైన 'గద్దర్' అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. ఏ ఊరు, ఏ ఏడు, పాడిందెవరు, పలక ఎవరిది, వెనక అందుకున్నదెవరు, టేపు ఎవరింట్లో దొరికింది, అన్నీ అడిగి రాయండి. రాసేముందు వాళ్ళను అడగండి. వద్దంటే వద్దన్నారని రాయండి.

నా దగ్గరున్న 71లో ఇంకా 22 వినాల్సి ఉంది. మా అమ్మకు చెవులు మందగిస్తున్నాయి. అందుకని ముందర మామ గొంతున్నవి తీస్తున్నాను.